ఒక పక్క రాసిన కాగితాలు

కాకినాడ,
12 మార్చి 1969.

మావయ్యకి, అత్తయ్యకి నమస్కారాలు.

క్షేమంగా చేరాను. టెలిగ్రాం చూసి ఎవరికి ఏమైందోనని హడలిపోతూ వస్తే ఇక్కడ అందరూ గుండ్రాళ్ళలా ఉన్నారు. హైదరాబాదులో గొడవలని పేపర్లో చదివి నాన్నగారికి నిద్ర పట్టడం లేదట. ఆయన నిద్ర కోసం నా చదువు అటకెక్కింది. అక్కడ సద్దుమణిగే దాకా గుమ్మం దాటడానికి వీల్లేదన్నారు. అమ్మ ఆయన పక్షమే. నీ అక్కగారు కదా, ఒకసారి కాదంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా అవుననదు.

రైల్లో అత్తయ్య ఇచ్చిన పులిహోర విప్పితే లోపల అరిటాకు, దాని పైన పరీక్ష ఫీజు దరఖాస్తు ఫారం. ఎదురు సీటావిడ అది చదివి, "ఏమ్మా, పరీక్ష తప్పేవా?" అని జాలిపడి రెండు అరటిపళ్ళు ఇచ్చింది. నీ పొదుపు నాకు కలిసొచ్చింది ఆ ఒక్కసారే.

అసలు సంగతి. నా కథల కట్ట డిపార్టుమెంటు బీరువాలోనే ఉండిపోయింది. మూడు రోజుల్లో వచ్చేస్తానుగా అని వదిలేశాను. తాళం చెవి పద్మకి ఇచ్చాను. నాతో పాటు రీసెర్చి చేస్తున్న నారాయణగూడ అమ్మాయి, మనింటికి ఒకసారి వచ్చింది కూడాను. ఆ కథలన్నీ వాళ్ళ నాయనమ్మ చెప్పినవే. ఆవిడకి ఎనభై దాటాయి. ఏడాదిన్నర పాటు ప్రతి ఆదివారం ఆవిడ ముందు చాప మీద కూచుని రాసుకున్నాను, నలభై మూడు కథలు. వీలు చూసుకుని ఆ కట్ట నీకు అందజెయ్యమని పద్మకి రాస్తున్నాను. నీ దగ్గరుంటే నాకు బెంగ ఉండదు.

వాటికి రెండో ప్రతి లేదు. కార్బను పెట్టి రాస్తానంటే "ఒక్క కథకి రెండు కాగితాలా?" అని నువ్వు గుండెలు బాదుకున్నావు, గుర్తుందా?

అత్తయ్యని బయట ఎక్కువ తిరగొద్దని చెప్పు. నువ్వూ అంతే.

నీ మేనకోడలు
మనోరమ


అశోక్‌నగర్, హైదరాబాదు,
26 మార్చి 1969.

చి. మనోరమకు మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం పది రోజులకి చేరింది. బందు రోజున తపాలా సంచులు స్టేషన్లోనే పడున్నాయట. మీ అత్తయ్యా నేనూ బాగానే ఉన్నాం. చిక్కడపల్లి మార్కెట్టు పొద్దున్న రెండు గంటలే తెరుస్తున్నారు. ఆ రెండు గంటల్లో మీ అత్తయ్య వంకాయలకీ బేరమాడుతుంది, ఊళ్ళో కబుర్లూ పోగేసుకొస్తుంది.

క్లాసులు లేవు. పిల్లలు లేని యూనివర్సిటీ పెళ్ళివారు వెళ్ళిపోయిన విడిదిల్లులా ఉంది. అయితే నా పంట పండింది! ఇన్నాళ్ళూ వెనకాల "చిత్తుకాగితాల మూర్తి" అని నవ్విన పెద్దమనుషులే ఇప్పుడు నా పథకానికి సంతకం చేశారు. అన్ని శాఖల్లోనూ ఒక పక్క ఖాళీగా ఉన్న కాగితాలు, చెల్లిపోయిన ఫారాలు, మిగిలిపోయిన హాల్ టికెట్లు మా స్టేషనరీ సెక్షనుకి పంపాలని సర్క్యులరు వచ్చింది. మేము వాటిని ప్రెస్సులో కటింగు మిషను మీద నాలుగేసి ముక్కలుగా కోయించి, ఖాళీ వైపు పైకి వచ్చేలా కుట్టి, హాస్టలు పిల్లలకి నోటు పుస్తకాలు ఇస్తాం. కొనుక్కోలేని పిల్లలు ఎంతమందో నీకూ తెలుసు. ఆ సర్క్యులరు మాత్రం కొత్త కాగితం మీద ఒక పక్కే అచ్చేశారు. ఏం చేస్తాం!

గందరగోళం లేకుండా ఒక పద్ధతి పెట్టాను. అచ్చు వైపు పైకి పెట్టి ఎర్రనాడాతో కట్టిన కట్టంటే వెనక ఖాళీ అని గుర్తు. అది విప్పి చూడక్కర్లేదు, నేరుగా మిషనుకి పోతుంది. మిగతావి కాగితాల మిల్లు లారీకి. సుద్దముక్కల చివర్లు కూడా ఏరించి, నూరించి, మళ్ళీ పోత పోయించాను. అవి బోర్డు మీద రాయవు, గీస్తాయి. ఆ సంగతి పైవాళ్ళకి రాయలేదు.

మా అటెండరు ఈదయ్య రోజంతా దబ్బనం పట్టుకుని కుడుతూనే ఉన్నాడు. నిన్న ఏమన్నాడో విను. "సార్, మీరు ఊపిరి సుత ఒకపారి పీల్చినంక పారెయ్యరు!" అన్నాడు. హాస్టలు మెస్సులో మిగిలిన అన్నం వాడి బర్రెలకి ఇప్పించాను కనక ఆ మాత్రం చనువు వచ్చింది.

మీ పద్మ ఇంకా రాలేదు. బస్సులు సరిగ్గా లేవుగా, వస్తుందిలే. వచ్చిన వెంటనే కట్ట ఇంటికి తెచ్చి నా పెట్టెలో, మీ అత్తయ్య పట్టుచీరల పక్కన పెడతాను. అంతకన్నా భద్రమైన చోటు ఈ ఊళ్ళో లేదు.

ఇట్లు
సూర్యనారాయణమూర్తి


కాకినాడ,
19 ఏప్రిల్ 1969.

మావయ్యకి నమస్కారాలు.

నిన్న పద్మ దగ్గర్నుంచి కార్డు వచ్చింది. "మీ మామయ్యగారి ఆఫీసుకు నేనే పోయిన. పనిలో ఉన్నరు. ఆ మూల పెట్టమ్మా, మంచి పని చేసినవ్ అన్నరు. పెట్టి వచ్చిన" అని రాసింది. నా గుండెల మీద బరువు దిగింది. నువ్వేమిటి, ఒక్క ముక్క రాయలేదు? పథకం మత్తులో మేనకోడల్ని మర్చిపోయావా?

ఒక పని చేసిపెట్టు. కట్ట విప్పి పదిహేడో కథ ఆఖరు ఎలా ఉందో రాసి పంపు. పై కాగితాలు చూసి కంగారు పడకు. ఎవరైనా తీసి చదువుతారేమోనని అచ్చు వైపు పైకి పెట్టి కట్టాను. నీ దగ్గర కొట్టేసిన ఎర్రనాడాతోనే! కథలన్నీ నువ్విచ్చిన ఆ పాత ఫారాల వెనక వైపు ఉంటాయి.

ఆ పదిహేడో కథ నాకు చాలా ఇష్టం. ఒక కోడలికి అత్తవారింట్లో నోరెత్తే దారి లేదు. రోజూ పిండి దంచేటప్పుడు తను అనదలుచుకున్న మాట ఒకటి రోట్లోకి వంగి అనేస్తుంది. ఏడాది తిరిగేసరికి ఆ రోట్లో దంచిన పిండితో ఏం వండినా, తిన్నవాళ్ళ నోట ఆవిడ మాటలే వస్తాయి. మామగారు రొట్టె తిని "నాకు మా అమ్మను చూడాలనుంది" అని ఏడుస్తాడు! ఆ తర్వాత అత్తగారు పసుపు దంచడానికి వస్తుంది. అక్కడి నుంచి ఏమైందో ఎంత తల కొట్టుకున్నా గుర్తు రావడం లేదు. ఒక పత్రికకి వ్యాసం రాస్తున్నాను, అందుకు కావాలి.

అవ్వ ఈ కథ చెప్పి, "నీ రోలు ఏడున్నదే బిడ్డా?" అని నన్నడిగింది. నా కాగితాలు చూపించాను. పకపకా నవ్వింది.

వెంటనే రాయి.

మనోరమ


అశోక్‌నగర్,
4 మే 1969.

చి. మనోరమకు ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. ఇక్కడ పరిస్థితులు బాగోలేవు. మొన్న నారాయణగూడ దగ్గర రాళ్ళు, బాష్పవాయువు. ఆఫీసు నుంచి నడిచొచ్చాను. మీ అత్తయ్య ఉల్లిపాయ ముక్క చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. కళ్ళ మంటకి అది మంచిదట.

కట్ట విషయం. నా చేతికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. పద్మ పొరపాటు పడి ఉంటుంది. సెక్షనులోకి రోజుకి పాతికమంది వచ్చి పోతుంటారు. ఇంకెవరి బల్ల దగ్గరైనా పెట్టిందో, పెట్టాలనుకుని పెట్టలేకపోయిందో. రోజులు అలాంటివి, ఆ పిల్లని అని ఏం లాభం? వెతికిస్తాను. నువ్వు దిగులు పడకు.

బయటి నుంచి వచ్చి ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళ జాబితాలు తయారవుతున్నాయట. నా పేరు ఉందని ఒకరు, లేదని ఒకరు. పన్నెండేళ్ళయింది ఈ ఊరొచ్చి. అన్నం సహిస్తోంది కానీ రుచి తెలియడం లేదు.

ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు
మావయ్య


కాకినాడ,
17 మే 1969.

మావయ్యకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పద్మ "పెట్టి వచ్చిన" అని రాసింది. నువ్వు "ఇవ్వలేదు" అని రాశావు. ఇద్దరిలో ఒకరు చెప్పేది నిజం కాదు. మూడేళ్ళు నీ ఇంట్లో ఉన్నాను. పుచ్చిన చిక్కుడుకాయ పారేసినా అత్తయ్యకి చెప్పి పారేసే మనిషివి నువ్వు. మరి నేను ఎవర్ని నమ్మాలి?

పద్మకి మళ్ళీ రాశాను. "ఇచ్చిన, నా మీద ఒట్టు" అని ఒక్క లైను వచ్చింది. అంతే. ఎప్పుడు, ఎవరెదురుగా, ఏమీ లేదు. నిజం చెప్పేవాళ్ళు అంత పొట్టిగా చెబుతారా?

ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తోంది. వాళ్ళన్నయ్య బాలకిషన్ ఊరేగింపుల్లో తిరుగుతున్నాడు. జనవరిలో ఒక ఆదివారం నేను చాప మీద కూచుని రాసుకుంటుంటే లోపలికొచ్చి, "మా నీళ్ళు, మా కొలువులు అయినయ్. ఇగ మా ముసల్దాని కథలు సుత తీస్కపోతున్నరా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అవ్వ విసనకర్రతో వాణ్ణి కొట్టింది. నేనూ నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. కాగితాలు ఎక్కడికి వెళ్ళాయో నాకు అర్థమవుతోంది.

అమ్మ "పోతే పోయాయి, కథలేగా" అంటోంది. ఆవిడతో నేను మాట్లాడడం మానేశాను.

మనోరమ


అశోక్‌నగర్,
9 జూన్ 1969. (కార్డు)

చి. మనోరమకు ఆశీస్సులు. మూడు రోజులుగా కర్ఫ్యూ. పాలు లేవు. క్షేమం. తొందరపడి ఎవరి మీదా ఏ నిర్ణయానికీ రావద్దు. పోయినదాని గురించి మనసు పాడుచేసుకోకు. ఆ ముసలావిడ ఉంది కదా, రోజులు బాగుపడ్డాక నువ్వే వచ్చి మళ్ళీ చెప్పించుకుని రాసుకోవచ్చు. ఈసారి కార్బను పెట్టుకుని రాద్దువుగాని, కాగితం నేనిస్తాను. - సూ.నా.మూర్తి


కాకినాడ,
6 జూలై 1969.

మావయ్యకి,

నువ్వు కార్బను పెట్టుకోమంటున్నావంటే లోకం తలకిందులైందన్నమాట.

మళ్ళీ రాసుకోమన్నావు. ఎక్కడికెళ్ళి? ఆ ఇంటికా? నా ఏడాదిన్నర కష్టాన్ని పొయ్యిలో పెట్టినవాళ్ళ చాప మీద కూచుని, ఏమీ ఎరగనట్టు "అవ్వా, ఇంకోసారి చెప్పు" అనాలా? నాకు పౌరుషం లేదా?

పద్మకి మొన్న ఉత్తరం రాసి పడేశాను. కడుపులో ఉన్నదంతా రాశాను. "మీ అన్నయ్య మాట నిలబెట్టుకున్నారు, మీ ముసలమ్మ కథలు మీకే దక్కాయి, సంతోషించండి" అని రాశాను. "స్నేహం అనుకున్నాను, పొరపాటు నాదే" అని కూడా రాశాను. పోస్టు డబ్బా దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి వచ్చాను. అయినా వేశాను.

ఇప్పుడు తేలిగ్గా ఉండాలి కదా. లేదు.

ఇక్కడి బాలికల హైస్కూల్లో తెలుగు పండితురాలి ఉద్యోగం ఖాళీ ఉందట. నాన్నగారు దరఖాస్తు తెచ్చారు. రెండు పక్కలా అచ్చు ఉంది, నీకు నచ్చుతుంది.

మనోరమ


అశోక్‌నగర్,
2 ఆగస్టు 1969.

చి. మనోరమకు ఆశీస్సులు.

ఆ ఉత్తరం రాయకుండా ఉండవలసింది తల్లీ. నేను తొందరపడొద్దని రాశానే. స్కూలు ఉద్యోగానికి అప్పుడే ఒప్పుకోకు. యూనివర్సిటీ తెరుస్తారంటున్నారు. నువ్వు రా. ఎలాగైనా ఒకసారి వచ్చి ఆ ముసలావిణ్ణి చూడు. పద్మతో నేను మాట్లాడతాను. వాళ్ళు మంచివాళ్ళు.

నా పథకం ఆపేశాను. ఒంట్లో ఓపిక లేదని రాసిచ్చాను.

మావయ్య


కాకినాడ,
14 ఆగస్టు 1969.

మావయ్యకి,

నువ్వు పథకం ఆపడమేమిటి? ఒంట్లో ఎలా ఉంది? డాక్టరుకి చూపించుకో. అత్తయ్య నీ గురించి బెంగగా రాసింది, సరిగ్గా తినడం లేదట, రాత్రిళ్ళు లేచి కూచుంటున్నావట. నా కాగితాల కోసం నువ్వు ఇంత బాధపడితే నాకు పాపం చుట్టుకుంటుంది. నీ తప్పేముంది ఇందులో?

వాళ్ళు మంచివాళ్ళన్నావు. నీకు అందరూ మంచివాళ్ళే, నీ స్వభావం అది. ఆ గుమ్మం నేను తొక్కను. పద్మ దగ్గర్నుంచి జవాబు కూడా లేదు. తప్పు లేనివాళ్ళయితే ఎగిరిపడి రాయరూ?

స్కూల్లో చేరాను. ఆరో తరగతి పిల్లలకి విభక్తులు చెబుతున్నాను.

మనోరమ


అశోక్‌నగర్,
21 సెప్టెంబరు 1969.

చి. మనోరమకు,

ఈ ఉత్తరం ఐదు నెలల కిందట రాయాల్సింది. నువ్వు ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు.

నిన్న సాయంత్రం నారాయణగూడ చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డాను. ఎవరో "నమస్తే మామయ్యగారూ" అన్నారు. చూస్తే పద్మ. చిక్కిపోయింది. "మనోరమ మంచిగున్నదా?" అని అడిగింది. నువ్వు రాసిన ఉత్తరం చదివిన పిల్ల, మొదట అడిగిన మాట అది. బాగుందన్నాను. "నాయనమ్మ పోయింది మామయ్యగారూ. పదిహేను దినాలైంది. మనోరమకు రాద్దామనుకున్న. ఎట్ల రాయాల్నో తెల్వలె" అంది. బస్సు వస్తే ఎక్కి వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు. అక్కడే పార్కు గోడ మీద కూచున్నాను.

అమ్మా, పద్మ ఆ కట్ట నాకే ఇచ్చింది.

ఏప్రిల్ ఎనిమిదో తేదీ. ఆ రోజు మూడు గంటలకి పెద్దాఫీసరు నా పథకం చూడడానికి వస్తానన్నాడు. పొద్దున్నుంచీ ఊపిరాడలేదు. అన్ని శాఖల నుంచీ ఆడపిల్లలూ మగపిల్లలూ కట్టలు తెచ్చి పడేస్తున్నారు. నేను రిపోర్టు రాసుకుంటూ తలెత్తకుండానే "ఆ మూల పెట్టమ్మా, మంచి పని చేశావు" అని అందరికీ చెప్పినట్టే ఆ పిల్లకీ చెప్పాను. ఆ గొంతు ఎవరిదో కూడా చూడలేదు. అచ్చు వైపు పైకి, ఎర్రనాడా. నేను పెట్టిన పద్ధతి ప్రకారం అది నేరుగా మిషనుకి పోయింది.

గంట తర్వాత ఈదయ్య గుప్పెడు ముక్కలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "సార్, వీటికి రెండు దిక్కుల రాత ఉన్నది. జర చూడుండ్రి, గిది మన మనోరమమ్మ రాత లెక్కనే ఉన్నది" అన్నాడు. చూశాను. నీ 'ఱ' ఎలా ఉంటుందో నాకు తెలియదా? నేనేగా నీకు అక్షరాలు దిద్దించింది.

ఇక్కడితో అయిపోతే అది పొరపాటు. పొరపాటైతే నీకు ఆ సాయంత్రమే రాసేవాణ్ణి.

ఈదయ్య అన్నాడు: "అతికిద్దాం సార్. నాలుగు ముక్కలే గద. ఇంటికాడ మైదా ఉడకబెట్టిపిస్త. నేను, నా పెండ్లాము కూసుంటం. ఎన్ని దినాలైతే అన్ని దినాలు." ముక్కలన్నీ ఒక గోనెసంచిలో పోసి ఉన్నాయి. అతికితే అతుక్కునేవే. కానీ గేటు దగ్గర మిల్లు లారీ ఆగి ఉంది. ఇంకో అరగంటలో ఆఫీసరు వస్తాడు. ఆ సంచి గదిలో ఉంటే ఇదేమిటని అడుగుతాడు. ఒక రీసెర్చి విద్యార్థిని కాగితాలు స్టేషనరీ సూపరింటెండెంటు కోయించాడని తేలుతుంది. నేను బయటివాణ్ణి. జాబితాలు రాస్తున్నారు. నా పేరు పక్కన రాయడానికి వాళ్ళకి ఒక కారణం దొరుకుతుంది. వీటన్నిటికీ నిజంగా భయపడ్డాను. కానీ మనోరమా, అంతకన్నా ఎక్కువగా, నా పథకం చూసి నవ్వుతారని భయపడ్డాను. అది ఇప్పటిదాకా నాకు నేను కూడా చెప్పుకోలేదు.

"వేసెయ్, లారీలో వేసెయ్" అన్నాను. ఈదయ్య కదల్లేదు. నేనే సంచి ఈడ్చుకెళ్ళాను. గేటు పాసు మీద నేనే సంతకం పెట్టాను. పది నిమిషాలు ఆగమంటే ఆ లారీవాడు ఆగేవాడు.

ఆఫీసరు ఆ రోజు రానే లేదు. ఊళ్ళో గొడవ అని కబురు పంపాడు.

ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చింది, పదిహేడో కథ ఆఖరు కావాలని. "నా చేతికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు" అని రాశాను. చేతికి కాదుగా, మూలనేగా పెట్టింది, అది అబద్ధం కాదని సర్దిచెప్పుకున్నాను. నువ్వు పద్మని అనుమానించినప్పుడు ఆపి ఉండొచ్చు. ఆపలేదు. ఊరంతా వాళ్ళొకటీ మనమొకటీ అంటున్న రోజుల్లో నా తప్పు వాళ్ళ మీదకి దానంతటదే వెళ్ళిపోయింది. నేను తొయ్యలేదు, చూస్తూ ఊరుకున్నాను. ఈదయ్య ఈనాటి దాకా ఎవరికీ చెప్పలేదు. నా దగ్గర దబ్బనం పెట్టేసి, వేరే సెక్షనుకి మార్పించుకుని వెళ్ళిపోయాడు.

నేను ఏప్రిల్లోనే చెప్పి ఉంటే నువ్వు మీ నాన్ననెదిరించి అయినా వచ్చేదానివి. ఆవిడ సెప్టెంబరు దాకా బతికే ఉంది. ఐదు నెలలు! నలభై మూడు కథలూ మళ్ళీ రాసుకునేదానివి. కాగితాలు నేను పొరపాటున పోగొట్టాను. ఆవిణ్ణి మాత్రం తెలిసి తెలిసి పోగొట్టాను.

క్షమించమని అడగడానికి నోరు రావడం లేదు.

మావయ్య


కాకినాడ,
29 సెప్టెంబరు 1969.

సూర్యనారాయణమూర్తి గారికి,

మీ ఉత్తరం అందింది. అమ్మకి చూపించలేదు. చూపించను కూడా. ఆవిడకి ఒక్కడే తమ్ముడు.

కాగితాల గురించి నేను ఏమీ అనను. కోపం రావడం లేదు. ఎందుకో తెలీదు, వస్తే బాగుండును. కానీ ఆ ఉత్తరం నా చేత రాయించారు మీరు. "మీ ముసలమ్మ కథలు" అని రాశాను నేను. అవ్వ అని పిలిచిన నోటితో, ఆవిడ పెట్టిన సర్వపిండి తిన్న చేత్తో రాశాను. ఆవిడ బతికుండగా అది ఆ ఇంటికి చేరింది. ఎవరైనా చదివి వినిపించారేమో. అది తలుచుకుని స్కూల్లో పాఠం మధ్యలో ఆపేస్తున్నాను. పిల్లలు మంచినీళ్ళు తెచ్చిస్తున్నారు.

మీరు ఒక పని చెయ్యాలి. వాళ్ళింటికి వెళ్ళండి. అందరి ఎదురుగా, బాలకిషన్ ఎదురుగా కూడా, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అది అయ్యాకే నేను పద్మకి రాయగలను. అంతవరకు ఆ అమ్మాయికి రాయడానికి నాకు ముఖం లేదు.

అత్తయ్యకి నా నమస్కారాలు చెప్పండి.

మనోరమ


అశోక్‌నగర్,
13 అక్టోబరు 1969.

చి. మనోరమకు,

నన్ను 'మీరు' అన్నావు. అనాల్సిందే. పుట్టిన దగ్గర్నుంచీ నువ్వని పిలిచిన పిల్లవి. ఆ ఒక్క మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

మీ అత్తయ్యకి అంతా చెప్పాను. "నేనూ వస్తాను, ఒక్కరూ వెళ్ళకండి" అంది. నిన్న ఆదివారం ఇద్దరం నడుచుకుంటూ వెళ్ళాం. ఆదివారాలు నువ్వు వెళ్ళే వేళకే.

పద్మ వాళ్ళమ్మ సులోచనగారు కుర్చీలు వేసి చాయ్ ఇచ్చారు. నేను తాగకుండా, ముందు చెప్పాల్సింది చెప్పాను. గేటు పాసు సంతకం దాకా చెప్పాను. బాలకిషన్ గోడకి ఆనుకుని నిలబడి విన్నాడు. నన్ను తిడతాడేమోనని ఎదురుచూశాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. "మీరు వచ్చి చెప్పకపోతే ఎవరికి తెలుస్తుండె సార్?" అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, "ఆ పొద్దు నేను అన్నది పరాచికానికి అన్న. ఆమెకు చెప్పుండ్రి" అని బయటికి వెళ్ళిపోయాడు.

నీ ఉత్తరం అవ్వకి ఎవరూ చదివి వినిపించలేదు. ఈ ఒక్క మాట నీకు చెప్పగలుగుతున్నందుకే ఆ ఇంటికి వెళ్ళినందుకు దణ్ణం పెట్టుకున్నాను. పద్మ దాన్ని బియ్యం డబ్బాలో దాచిందట. అవ్వ జూలై అంతా అడుగుతూనే ఉందట, "ఆ కాకినాడ పిల్ల ఎప్పుడొస్తదే? ఇంకోటి యాదికొచ్చింది, రాస్కోమను" అని. పద్మ "వస్తది, వస్తది" అని చెబుతూ వచ్చింది.

నేను పద్మని అడిగాను, "నువ్వు ఇచ్చిన కట్ట నాకు అందలేదని నేనంటుంటే, నా దగ్గరికొచ్చి నిలదియ్యకపోయావా అమ్మా?" అని. "పెద్దవాళ్ళు, పనిలో ఉంటిరి. మర్చిపోయిన్రేమో అనుకున్న. యాదికొస్తే మీరే చెప్తరనుకున్న" అంది. నన్ను ఇంత మర్యాదగా చూసినవాళ్ళు ఈ ఊళ్ళో మరొకరు లేరు.

లేచేముందు ఇంకొక్క మాట అడిగాను. అడక్కుండా రాలేకపోయాను. "పుట్టినప్పట్నుంచీ ఆవిడ ఒడిలో పెరిగావు. నీకు ఆ కథలు కొన్నయినా వచ్చి ఉంటాయి. నువ్వు చెబితే మనోరమ వచ్చి రాసుకుంటుంది. పోనీ, నేనే కూచుని రాస్తాను" అన్నాను.

పద్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూచుంది. తర్వాత మెల్లగా అంది:

"నాకు రావు మామయ్యగారూ. మనోరమ రాస్తున్నది కద, యాడికి పోతయ్ అనుకున్న. వాళ్ళిద్దరు చాప మీద కూసుంటే నేను లోపట చాయ్ పెట్టుకుంట ఉంటి. నేను ఒక్కనాడు కూసోని వినలె."

ఇట్లు
మావయ్య